నేలపై ముగ్గు, నీటికి లెక్క



వరికుంటపాడు ప్రాంతపు సేద్యము వానలమీదను, చెరువులమీదను, బోరుబావులమీదను ఆధారపడియున్నది. బోరు ఎండినంతనే అప్పు తెచ్చి మరియొక బోరు వేయించుట మనకు వాడుకయైనది. అందును నీరు పడనియెడల భూమి తాకట్టునకు పోవును. కావున అప్పుపత్రముపై వ్రాలు చేయుటకు ముందు చేయదగిన యొక చిన్నపనిని ఈ నెల మనవి చేయుచున్నాము. అందులకు కావలసినవి ముగ్గుపిండి, చింతగింజలు, గులకరాళ్లు మాత్రమే.

ఇది మేము కల్పించిన పద్ధతి కాదు. గ్రామస్థులే తమ యూరి పటమును నేలపై గీసికొని ఆలోచించు విధానము 1980 దశాబ్దపు చివర కర్ణాటక, గుజరాతు రాష్ట్రముల పల్లెలలో వ్యాపించెను. రాబర్టు ఛేంబర్సు అను ఆంగ్లేయ పండితుని రచనల మూలమున అన్యదేశములకును తెలిసెను.

మా ప్రాంతమున ఒక గ్రామమందు దీనిని చేయ సంకల్పించి, రచ్చబండ యెదుట మేమే తొలుత బాటను, చెరువును, చెరువునకు నీరుతెచ్చు కాలువను గీసితిమి. అంతట ఒక యిల్లాలు, "అయ్యా, మీరు గీసిన కాలువ ఇప్పుడెక్కడున్నది? కంపచెట్లు మొలిచి సగము పూడిపోయినది గదా!" అనెను. మేము సిగ్గుపడి ముగ్గుపిండి ఆమె చేతికిచ్చితిమి. నాటినుండి మేము పటము గీయుట మానితిమి.

పిమ్మట నీరున్న బోరునకు చింతగింజను, ఎండిన బోరునకు గులకరాతిని ఉంచుడని కోరితిమి. రెండు బోర్లు పోగొట్టుకొని మూడవదానికి అప్పు కుదుర్చుకొన్న రైతొకడు తన రాళ్లు రెండు పెట్టెను. చుట్టుపట్లవారు మరి నాలుగు పెట్టిరి. గింజలన్నియు చెరువు దిగువనే నిలిచెను. ఆ రైతు చాలసేపు మాటాడలేదు. అతని బావమరిది, "బావా, ఈ యేడు ఆ చేలో కంది వేయి. పసులమేతకు నా బోరునీరు వంతున పారించుకొందువు" అనెను. అప్పు ఆగినది. కాలువలోని కంప కొట్టుటకును అచ్చటనే దినము నిర్ణయించుకొనిరి.

ఐనను పటము ఎవరిని శాసింపదు. మరియొకరు మాట వినక బోరు వేయించిరి, నీరును పడినది. కాని కొలదినెలలకే ప్రక్కబోర్లలో నీరు తగ్గెను. వారు కూడ మరుసటిసారి పటము చుట్టు కూర్చుండిరి.

పటము తరువాత లెక్క కావలెను. ఎకరమునందు 1 అంగుళము నీరు నిలుపుటకు సుమారు 1 లక్ష లీటర్లు కావలెను. వరికి పంటకాలమున దాదాపు 48 అంగుళములును, వేరుసెనగకు దాదాపు 20 అంగుళములును పట్టును. అనగా ఎకరము వరి త్రాగు నీటితో రెండెకరములకు పైగా వేరుసెనగ పండును. ఒక్కొక్క గింజప్రక్కన ఆ బోరుక్రింది పంటను, ఎకరములను గీతలుగా గుర్తించినచో ఊరి నీరెచ్చటికి పోవుచున్నదో చదువురానివారికిని కానవచ్చును.

ఇట్టి లెక్కను మన పొరుగు ప్రకాశముతో కూడ నాటి ఆంధ్రప్రదేశమునందలి ఏడు కరవు జిల్లాల రైతులు చేసి చూపిరి. 2003 లో ఆరంభమై, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో నడచిన భూగర్భజల పథకమున వారు వర్షమును, బావులలోని నీటిమట్టమును తామే కొలిచి, రబీకి ముందు సభ చేరి, ఉన్న నీటికి తగిన పంటలను ఆలోచించుకొనిరి. ఎవరిపైనను నిర్బంధము లేదు; లెక్క అందరి యెదుట నుండుటయే దాని బలము.

సంఘ సభ్యులు రబీ విత్తనములు కొనకమునుపే ఒక సాయంకాలము ఇట్లు కూడుదురుగాక. స్త్రీలను తప్పక పిలువుడు. ముగ్గు గాలికి చెరగిపోవును గాన, లేచుటకు పూర్వమే దానిని కాగితముపై ఎక్కించి సంఘపు గోడకు అంటింపుడు. మరుసటి యేడు దానిప్రక్కనే క్రొత్త పటము నుంచి, గింజలెన్ని రాళ్లైనవో, రాళ్లెన్ని గింజలైనవో చూచుకొనుడు.