పట్టు విడువని ఫోన్ లైన్లు

కార్యాలయమునందు ఎవరును మాటలాడకయే లైనుదీపము ఆరక వెలుఁగుచు, బయటినుండి పిలుచువారికెల్ల బిజీ ధ్వనియే వినవచ్చుచున్నప్పుడు, కార్యాలయపు ఫోన్లను లైన్లతో కలుపు యంత్రమగు పీబీఎక్స్‌ను ఆపి తిరిగి వేయుట సర్వత్ర కనవచ్చు చికిత్స. అది ఉపశమనమే గాని నివారణము గాదు. ఆపరేటరును కసరుకొనుట మఱింత అన్యాయము.

రాగితీగల లైనుపై ఎక్స్ఛేంజి సుమారు 48 వోల్టుల విద్యుత్తును నిలిపియుంచును. రిసీవరు ఎత్తఁగానే వలయము పూర్తియై ప్రవాహము సాగును, పెట్టఁగానే తెగును. మనము పెట్టితిమని ఎక్స్ఛేంజి ఇట్లు గ్రహించును. అవతలివారు పెట్టిరని మన పీబీఎక్స్‌కు తెలియుటెట్లు? చిక్కంతయు ఇచ్చటనే యున్నది. కొన్ని ఎక్స్ఛేంజిలు ఆ క్షణమున ప్రవాహమును లిప్తపాటు త్రెంచును. కొన్ని తీగల ధ్రువములను తారుమారు చేయును. కొన్ని బిజీ ధ్వనిని మాత్రము వినిపించి యూరకుండును. మన దేశమున ఆ ధ్వని 400 హెర్ట్జులది. ముప్పాతిక సెకను మ్రోగి, అంతసేపే ఆగును. అమెరికా ధ్వనులకు అమర్చిన యంత్రము దానిని గుర్తింపలేక, ముగిసిన సంభాషణ సాగుచున్నదనియే భావించి లైనును పట్టుకొనియుండును. వాయిస్ మెయిలులో ఆ మ్రోతయే నిమిషములకొలఁది రికార్డయి యుండుట ఇందుకు బలమైన సాక్ష్యము.

కావున మొదట లైనును పీబీఎక్స్‌నుండి విడదీసి, మామూలు ఫోను తగిలించి వినవలెను. డయల్ టోను స్వచ్ఛముగా వచ్చినచో పీబీఎక్స్‌లోని దేశపు అమరికను, బిజీ టోను గుర్తింపును సరిచూడవలెను. గరగరలాడినను, మూగపోయినను తడిసిన కేబులును శంకించి, ఎక్స్ఛేంజివారికి ఫిర్యాదు చేయవలెను.