నొప్పి తీర్చడమూ ఒక చదువే

"ఇక మేము చెయ్యగలిగిందేమీ లేదండీ, యింటికి తీసుకువెళ్లండి."

ఆస్పత్రి గుమ్మంలో యీ మాట విన్న కుటుంబాలు మనలో యెన్నో వున్నాయి. రోగిని యింటికి తెచ్చిన తరువాతనే అసలు కష్టం మొదలవుతుంది. పగలు వచ్చేపోయే వారి పలకరింపులతో గడిచిపోతుంది. రాత్రి రెండు గంటలకు నొప్పి పుడితే యెవరిని పిలవాలో తోచదు. మాబోటి గుమాస్తాలు పని ముగిసిన ఫైలును కట్టగట్టి బీరువాలో పెడతారు. మనిషిని అలా పెట్టడానికి వీలు లేదు గదా!

రోగం నయం కాకపోవచ్చును. అంతమాత్రాన నొప్పి తగ్గదని కాదు. ఈ తేడాను పట్టుకొని పుట్టినదే ఉపశమన వైద్యం; పాలియేటివ్ కేర్ అంటారు. "ఇందులో చదవడానికేముంది? దయగల మనసుంటే చాలదా?" అని మనకు అనిపిస్తుంది. చాలదు. దయ పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంటుంది. మందు యెంత యివ్వాలి, యెన్ని గంటలకొకసారి యివ్వాలి అన్నది చదువే చెప్పాలి. ఆ చదువు యెలా వచ్చిందో వినదగ్గ కథ.

లండనులో సిసిలీ సాండర్స్ అనే ఆమె మొదట నర్సు. నడుమునొప్పి వల్ల ఆ పని మాని, ఆస్పత్రిలో రోగుల కష్టసుఖాలు కనుక్కునే వుద్యోగంలో చేరింది. వార్సా నుంచి వచ్చి, నా అన్నవారు లేక క్యాన్సరుతో తీసుకుంటున్న డేవిడ్ టాస్మా అనే రోగికి తోడుగా నిలిచింది. 1948లో ఆయన కన్నుమూస్తూ, ఆమె తలపెట్టిన ఆశ్రయానికని 500 పౌన్లు విడిచిపోయాడు. చనిపోయేవారిని ముందుగా వదిలిపెట్టేది డాక్టర్లే గనుక, నీవే డాక్టరువు కావాలని ఒక సర్జను ఆమెకు చెప్పాడు. సరేనని మళ్లీ పుస్తకాలు పట్టి, నలభయ్యో యేడు దగ్గర పడుతుండగా, 1957లో ఆమె డాక్టరయింది.

అప్పటి రివాజు యేమంటే, నొప్పి భరించరానిదైనప్పుడు మార్ఫిను సూది వేయడం. మళ్లీ నొప్పి ముదిరేదాకా ఆగడం. ఎక్కువ యిస్తే రోగి దానికి బానిస అవుతాడని భయం. 1958 నుంచి సెయింట్ జోసెఫ్స్ అనే ఆశ్రయంలో సాండర్స్ యిందుకు భిన్నమైన పద్ధతిని పరిశీలించింది. నొప్పి తిరగబెట్టకముందే, గడియారం చూసి, వేళ తప్పకుండా మందును నోటి ద్వారా యిప్పించింది. ఒక్కొక్క రోగి సంగతీ కార్డుల మీద యెక్కించింది. నొప్పి అణగింది, మనిషి మగతలో పడిపోలేదు, భయపడినట్లు మోతాదు అదేపనిగా పెరగనూ లేదు. 1967లో ఆమె తెరిచిన సెయింట్ క్రిస్టఫర్స్‌లో చికిత్స, బోధన, పరిశోధన మూడూ ఒకే కప్పు కింద పెట్టింది.

అక్కడికి 1971లో రాబర్ట్ ట్వైక్రాస్ అనే డాక్టరు పరిశోధనకు వచ్చాడు. ఆ రోజుల్లో మార్ఫిను కంటె డయామార్ఫిను మేలని ఇంగ్లండు డాక్టర్లలో చాలామంది నమ్మకం. సాండర్స్‌దీ అదే నమ్మకం. నమ్మకమైతే మాత్రం, పరీక్షించి చూడవలదా? సుమారు 700 మంది రోగులతో, యెవరికి యే మందు పడుతున్నదో తెలియకుండా, ఆయన పరీక్ష జరిపాడు. 1977లో ఫలితం వెలువడింది: మోతాదు సరిచూసి నోటి ద్వారా యిస్తే రెంటికీ చెప్పుకోదగ్గ తేడా లేదు. డయామార్ఫిను దొరకని దేశాల వారికి యిది యెంత వూరటో వూహించండి.

మరొకటి. ఆయాసపడే రోగికి ఆక్సిజన్ సిలిండరు తెప్పించడానికి మనం పరుగులు పెడతాము. రక్తంలో ఆక్సిజన్ మరీ తగ్గని 239 మంది రోగులకు, కొందరికి ఆక్సిజన్, కొందరికి మామూలు గాలి, ముక్కు గొట్టం ద్వారా యిచ్చి చూశారు. 2010లో తేలినదేమిటంటే, అటువంటివారికి ఆక్సిజన్ వల్ల అదనపు మేలు లేదు. ముఖానికి చిన్న ఫ్యానుగాలి తగిలితే ఆయాసం తగ్గుతుందని ఆ యేడే మరొక పరిశోధన చూపింది. విసనకర్ర పట్టుకుని మంచం పక్కన కూర్చున్న మన బామ్మలు గుర్తుకు రావడం లేదూ!

మన దేశంలో చట్టం అనుమతించిన నల్లమందు సాగు వుంది, యెగుమతీ వుంది. అయినా 1985 నాటి మత్తుమందుల చట్టం వచ్చాక లైసెన్సుల చిక్కుల వల్ల మన రోగులకే మార్ఫిను కరువయింది. 2014లో ఆ చట్టాన్ని సవరించి దారి సుగమం చేశారు. ఇంతలో 1993లో కాలికట్‌లో డాక్టర్లు ఉపశమన వైద్యానికి ఒక సంఘం పెట్టి పని మొదలుపెట్టారు. 2012లో బొంబాయి టాటా మెమోరియల్ ఆస్పత్రిలో యీ శాస్త్రంలో ఎం.డి. చదువు ఆరంభమయింది. మన తెలుగువారు యెందరో గంపెడాశతో చేరుకునే పరేలు ఆస్పత్రే అది.

ఎం.బి.బి.ఎస్. అయినాక మూడేళ్ల చదువిది. మార్ఫిను మొదలుపెట్టిన నాడే మలబద్ధకానికీ మందు రాయడం మొదలు, చెప్పరాని వార్తను యింటివారికి చెప్పే తీరు దాకా నేర్చుకోవాలి. పట్టా కావాలంటే పరిశోధన చేసి సిద్ధాంత వ్యాసం సమర్పించాలి. దానికి ముందు నీతి సంఘం అనుమతి కావాలి. ఈ రోగులతో పరిశోధన సులువు కాదు. నాలుగు ప్రశ్నలకే అలసిపోతారు. రేపటి ప్రశ్నకు జవాబు చెప్పడానికి మనిషే వుండకపోవచ్చు. వారి సమ్మతి అడగడంలోనే యెంతో మర్యాద, వోర్పు కావాలి.

కనుక పాఠక సోదరీసోదరులకు ఒక్క మనవి. "ఇక చెయ్యగలిగిందేమీ లేదు" అన్న మాట విన్నప్పుడు కన్నీళ్లు తుడుచుకుని, "రోగం సంగతి సరేనండీ, నొప్పి సంగతి యెవరు చూస్తారు?" అని అడగండి. దానికి చదువుకున్న డాక్టర్లు యిప్పుడున్నారు.