లైనక్సు తెఱ యెంపిక – తెలుగు

1956 వరకు హైదరాబాదు రాష్ట్రమున నుండి, నేడు మహారాష్ట్రమునందున్న నాందేడు జిల్లా సర్ఖనివంటి యూళ్లలో, మరాఠీ బడి కేగు తెలుగు పిల్లలకు ఇంటి కంప్యూటరే తెలుగు పలక కాగలదు. అందు లైనక్సు నెలకొల్పువా రొక భేదము గుర్తింపవలెను. విండో మేనేజరు కిటికీలను అమర్చుట, కదల్చుట మాత్రమే చూచును, ఓపెన్‌బాక్సు ఇట్టిది. డెస్క్‌టాప్ ఎన్విరాన్‌మెంటు మెనూలు, ఫైళ్ల నిర్వాహకము, అమరికలు గూడ సమకూర్చును. 1996లో ఆరంభమైన కేడీఈ, 1997లో ఆరంభమైన గ్నోమ్ ఇట్టివి; వీనికి తెలుగు అనువాదములు కలవు. మెమరీ తక్కువైన పాత యంత్రమునకు తేలికయగు ఎక్స్‌ఎఫ్‌సీఈ మేలు. ఒత్తులు, గుణింతములు సరిగా కనబడుట ఫాంటుపైనను, హార్ఫ్‌బజ్ వంటి అక్షరకూర్పు సాధనముపైనను ఆధారపడును. ఈ యెంపికపై గాదు. కావున యంత్రము పాతదని తెలుగును విడువ నక్కఱలేదు. మెనూలు సైతము తెలుగున గోరువారు మాత్రము అనువాద మెంతవరకు జరిగినదో చూచి యెన్నుకొనవలెను.