లాంచీ ఆగాకే పైకొచ్చే గుడి

కొల్లాపూర్ నుంచి ఎటు చూసినా సముద్రం రెండు వందల కిలోమీటర్ల పైమాటే. అయినా ఈ ఊరికి తీరం ఉంది, రేవు ఉంది, లాంచీ ఉంది, సీజనూ అన్‌సీజనూ ఉన్నాయి. పట్టణం దాటి పది కిలోమీటర్లు పోకముందే సోమశిల వస్తుంది. అక్కడ కనిపించేది పారే కృష్ణ కాదు, శ్రీశైలం జలాశయం వెనుక జలాలు. నిండినప్పుడు ఆ జలాశయం ఆరు వందల చదరపు కిలోమీటర్లకు పైగా పరుచుకుంటుంది. కోస్తా జిల్లాల జాలర్లు సముద్రాన్ని వదిలిపెట్టి వచ్చి, ఈ గట్ల మీద గుడిసెలు వేసుకుని చేపలు పడుతున్నారంటే ఇక్కడి నీళ్ల సంగతి అర్థం చేసుకోవచ్చు. చలికాలంలో విమానం టికెట్ చవక కదా, జనం తక్కువ కదా, యూరప్ సముద్రతీరం చూసొద్దామని లెక్కలు వేసుకునేవాళ్లు ముందు సోమశిల లెక్క ఒకసారి చూడాలి. రెండింటికీ ఒకటే సూత్రం: ఏది మూసి ఉంటుంది, ఏది తెరిచి ఉంటుంది, తిరిగి ఎలా వస్తాం?

మీకు తెలుసా, ఇక్కడి సీజన్ పంచాంగాన్ని బట్టి రాదు. మహాబలేశ్వరం కొండల్లో వానలు దంచికొట్టాలి. ఎగువన ఆలమట్టి, నారాయణపూర్ జలాశయాలు నిండాలి. జూరాల గేట్లు ఎత్తాలి. అప్పుడు గానీ సోమశిల మెట్ల దగ్గరికి కొత్త నీళ్లు రావు. మామూలు ఏడాదిలో అది జులై చివర్లోనో ఆగస్టులోనో జరుగుతుంది. శ్రీశైలం పూర్తి నీటిమట్టం 885 అడుగులు. ఆ తర్వాత కరెంటుకు కొంత, కాలువలకు కొంత, కొల్లాపూర్ పక్కనే ఎల్లూరు దగ్గరున్న కల్వకుర్తి ఎత్తిపోతల పంపులకు కొంత పోతూ మట్టం దిగుతూ వస్తుంది. వేసవి చివరికి 810 అడుగుల దరిదాపులకు పడిపోయిన ఏడాదులున్నాయి. అంటే 75 అడుగుల తేడా! ఫ్రాన్సులో మాంట్ సాన్ మిషెల్ కొండ చుట్టూ వచ్చే ఆటుపోట్లను చూడటానికి ప్రపంచమంతా పోతుంది. అక్కడ అతి పెద్ద పోటుకూ పాటుకూ మధ్య తేడా 14 మీటర్ల దాకా, అంటే దాదాపు 46 అడుగులు. కాకపోతే అక్కడ సముద్రం రోజుకు రెండుసార్లు వచ్చిపోతుంది, మన కృష్ణమ్మ ఏడాదికి ఒక్కసారే.

నీళ్లు నిండుగా ఉన్న రోజుల్లో రాష్ట్ర పర్యాటక సంస్థ సోమశిల నుంచి శ్రీశైలానికి లాంచీ నడుపుతుంది. ఏడు గంటల ప్రయాణం. రెండు పక్కలా నల్లమల, మధ్యలో అమరగిరి, శ్రీశైలం దగ్గరపడ్డాక అక్కమహాదేవి గుహలు. కార్తీక మాసంలో ఈ లాంచీకి గిరాకీ ఎక్కువ. చాలామంది టికెట్ దొరికింది కదా అని ఎక్కేస్తారు, తిరుగు ప్రయాణం సంగతి శ్రీశైలంలో దిగాక గుర్తొస్తుంది. కారేమో సోమశిల గట్టు మీద ఉంటుంది. మనమేమో సాయంత్రానికి పాతాళగంగ దగ్గర ఉంటాం. రోడ్డు మీద వెనక్కి రావాలంటే మన్ననూరు, అచ్చంపేట, నాగర్‌కర్నూల్ మీదుగా చుట్టుకుని రావాలి. పైగా అది అమ్రాబాద్ పులుల అడవి. రాత్రి 9 గంటలకు చెక్‌పోస్టు గేటు పడితే మళ్లీ పొద్దున 6 గంటలకే తీస్తారు. కాబట్టి లాంచీ ఎక్కేవాళ్లు శ్రీశైలంలో ఒక రాత్రికి గది ముందే చూసుకోవాలి. లేదా కారును డ్రైవర్‌తో రోడ్డు మీద ముందుగా పంపించాలి. మూడో దారి లేదు.

ఇక అన్‌సీజన్ మాటకొద్దాం. మట్టం తగ్గితే లాంచీ ఆగిపోతుంది. ‘నీళ్లు లేవు, ఇప్పుడేం చూస్తారు’ అంటారు. అసలు చూడాల్సింది అప్పుడే ఉంది.

కృష్ణలో భవనాశి కలిసే చోట, సోమశిలకు అవతలి గట్టున, ఇప్పటి నంద్యాల జిల్లాలో సంగమేశ్వరం ఉంది. కృష్ణ, తుంగ, భద్ర, వేణి, భీమ, మలాపహారిణి, భవనాశి అని ఏడు నదుల పేర్లు చెప్పి దాన్ని సప్తనదీ సంగమం అంటారు. శ్రీశైలం ఆనకట్టకు నీళ్లు నిలిపాక 1981 ప్రాంతంలో ఆ గుడి మునిగిపోయింది. ఇరవై ఏళ్లకు పైగా నీటి అడుగునే ఉండి, 2003లో గానీ మళ్లీ ఎండ చూడలేదు. ఆ తర్వాత నుంచి జలాశయం బాగా తగ్గిన ప్రతి వేసవిలో పైకొస్తోంది. మట్టం దిగుతున్నకొద్దీ ముందు శిఖరం కొన, తర్వాత గోపురం, మండపం, చివరికి గర్భగుడి కనిపిస్తాయి. మట్టం మెల్లగా దిగే ఏడాది ఈ వరస చూడటానికే వారాలు పడుతుంది. గుడి గోడలకు ఒండ్రు పట్టి ఉంటుంది. పూజారులూ ఊరి జనమూ మోకాలి లోతు బురద ఎత్తిపోసి, లోపల కడిగి, దీపం పెడతారు. లోపలి శివలింగం రాయి కాదు, వేపమొద్దు. పాండవులు ప్రతిష్ఠించారని స్థలపురాణం చెబుతుంది. పురాణం ఎలా ఉన్నా, ఏడాదిలో సగానికి పైగా నీళ్లలో ఉండే చెక్క ఇన్నేళ్లు నిలిచిందన్నది మన కళ్ల ముందున్న సంగతే. ఎగువ వరద రాగానే నీళ్లు మళ్లీ గర్భగుడి మెట్లెక్కుతాయి. పూజారి చివరి హారతి ఇచ్చి, ఒక్కోసారి పుట్టి మీద వచ్చి శిఖరానికి పూజ చేసి పోతాడు. మిగతా నెలలు పూజలన్నీ గట్టు మీద ఉన్న ఉమామహేశ్వరాలయంలో సాగుతాయి.

కాబట్టి మార్చి నుంచి జూన్ దాకా గుడి కోసం రావాలి, సెప్టెంబర్ నుంచి సంక్రాంతి దాకా నీళ్ల కోసం రావాలి. రెండూ ఒకే ప్రయాణంలో చూడాలనుకోవడం కుదరని పని. ఆశపడి జూలైలో వచ్చేవాళ్లుంటారు. ఎక్కువసార్లు వాళ్లకు రెండూ దక్కవు.

సంగమేశ్వరం అనే పేరుతో జనం ఒక పొరపాటు కూడా పడుతుంటారు. సంగమేశ్వరాలు రెండు. కూడవెల్లి దగ్గరున్న చాళుక్యుల కాలపు సంగమేశ్వరాలయాన్ని ముంపు రాకముందే రాయి రాయికీ నంబర్లు వేసి విప్పి, అలంపూర్ తెచ్చి మళ్లీ కట్టారు. అది పన్నెండు నెలలూ చూడొచ్చు. నీళ్లలో ఉండేది వేరొకటి. ‘సంగమేశ్వరం’ అని ఫోన్‌లో కొట్టి ఏదో ఒక దారి పట్టుకునే ముందు ఏ సంగమేశ్వరమో చూసుకోండి. కొల్లాపూర్‌లో ఉన్న మాధవస్వామి ఆలయం కూడా ఇలా మంచాలకట్ట నుంచి తరలి వచ్చిందే. సురభి వంశపు దొరల పాత రాజధాని జటప్రోలులో మదనగోపాలస్వామి గుడిది, సోమశిల సోమేశ్వరాలయానిదీ అదే కథ. గుళ్లు రాళ్లు కనుక కదిలాయి. మునిగిన వందకు పైగా ఊళ్ల జనం కథ వేరు, అది ఒక చిన్న పేరాలో చెప్పేది కాదు.

యూరప్‌లోనూ ఇలాంటివి ఉన్నాయని తెలుసా? ఇటలీ ఉత్తర కొసన, ఆస్ట్రియా సరిహద్దు దగ్గర, గ్రౌన్ అనే ఊరు 1950లో ఆనకట్ట కింద మునిగిపోయింది. పద్నాలుగో శతాబ్దపు చర్చి గంటగోపురం ఒక్కటే రెజియా సరస్సులో నిలబడి ఉంది. చలికి సరస్సు గడ్డకట్టిన రోజుల్లో మంచు మీద నడిచి దాని దాకా పోతారు. వేసవి జనానికి ఆ భాగ్యం లేదు. స్పెయిన్‌లో సావ్ జలాశయం ఎండినప్పుడు శాన్ రోమా చర్చి పూర్తిగా బయటపడుతుంది. అక్కడివాళ్లకు ఆ చర్చి ఎంత పైకొస్తే కరువు అంత గట్టిగా ఉన్నట్టు లెక్క. సంగమేశ్వరం శిఖరం ఎంత తొందరగా కనిపించిందో చూసి, ఆ ఏడాది తాగునీటి గురించి మనవాళ్లూ అలాగే దిగులు పడతారు.

పిల్లలు జర్మనీలోనో ఐర్లండ్‌లోనో చదువుతుంటే, వాళ్లను చూడటానికి డిసెంబర్‌లో పోయి సముద్రం కూడా చూసి వద్దామనుకునే అమ్మానాన్నలు ఇప్పుడు మన ఊళ్లలోనూ కనిపిస్తున్నారు. వాళ్లకు నాలుగు ముక్కలు. ఇటలీలో సింక్వె తెర్రె అని కొండకు అతుక్కున్న అయిదు ఊళ్లున్నాయి. వాటి మధ్య తిరిగే పడవలు నవంబర్ మొదట్లో ఆగిపోతే మళ్లీ మార్చి చివరికి గానీ మొదలవవు. లా స్పెజియా నుంచి లెవాంతో దాకా రైలు మాత్రం ఏడాది పొడుగునా అన్ని ఊళ్లలోనూ ఆగుతుంది. చలికాలంలో పోయేవాళ్లు పడవను నమ్ముకోకుండా రైలు టైములు చూసుకుంటే ఏ ఇబ్బందీ లేదు. గ్రీస్ దీవులకు చలికాలంలో ఓడలు తగ్గిపోతాయి, గాలి ఉద్ధృతమైతే ఉన్నవాటినీ రేవు అధికారులు నిలిపేస్తారు. అందుకే తిరుగు విమానానికి ముందు రోజు దీవిలో ఉండకూడదు. ప్రధాన భూమికి వచ్చేయాలి. డిసెంబర్‌లో లిస్బన్‌లో సాయంత్రం అయిదుంపావుకే పొద్దు గుంకుతుంది. రోజుకు మూడు ఊళ్లు అనుకున్న ప్లాన్ రెండుకు దిగుతుంది. ఇంకోటి, యూరప్‌లో చాలా దారుల్లో ఆదివారానికీ పండగలకూ బస్సుల టైములు వేరు, క్రిస్మస్ రోజు అసలు తిరగని ఊళ్లూ ఉంటాయి.

వీసా సంగతి కూడా చెప్పుకోవాలి. షెంగెన్ వీసాకు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు పెట్టుకోవచ్చు, కనీసం 15 రోజుల ముందైనా పెట్టాలి. 30 వేల యూరోల వైద్య బీమా తప్పనిసరి. ఐర్లండ్ షెంగెన్‌లో లేదు, దానికి వేరే వీసా. కొడుకు డబ్లిన్‌లో ఉన్నాడని ఐర్లండ్ వీసా తీసుకుని, దాంతోనే పారిస్ కూడా పోవచ్చనుకుంటే కుదరదు.

తిరిగి మన తీరానికొస్తే, కొల్లాపూర్ అన్‌సీజన్‌కు ఒక లాభం ఉంది. యూరప్‌లో అది దొరకదు. గుడి పైకొచ్చే ఏప్రిల్, మే నెలలే ఇక్కడ మామిడికి సీజన్. కొల్లాపూర్ తోటల బంగినపల్లి తినడానికే హైదరాబాద్ నుంచి ఇంత దూరం రావచ్చు. ఎండ మాత్రం మామూలుగా ఉండదు. తెల్లవారుజామునే సోమశిల చేరి, పడవ మీద దాటి గుడి చూసి, పది గంటలకల్లా ఇవతలికి వచ్చేస్తే మిగతా పగలంతా తోటల్లో గడపొచ్చు. ఊళ్లో సురభి రాజుల బంగళా సాయంత్రం పూట చూడొచ్చు.

దారి విషయానికొస్తే, ఊరికి రైలు లేదు. హైదరాబాద్ నుంచి జడ్చర్ల, నాగర్‌కర్నూల్ మీదుగా బస్సే దిక్కు. సోమశిల నుంచి అవతలి గట్టు కళ్లెదుటే కనిపిస్తుంది. రోడ్డున పోవాలంటే మాత్రం కర్నూలు మీదుగా చుట్టూ తిరిగి నూట యాభై కిలోమీటర్లు దాటుతుంది. కల్వకుర్తి నుంచి కొల్లాపూర్, సోమశిల మీదుగా నంద్యాల వైపు పోయే 167కె జాతీయ రహదారిలో భాగంగా, ఇక్కడ కృష్ణ మీద తీగల వంతెనకు కేంద్రం 2022లో ఆమోదం తెలిపింది. అంచనా వెయ్యి కోట్ల రూపాయల పైనే. అది పూర్తయితే హైదరాబాద్ నుంచి తిరుపతికి దూరం బాగా తగ్గుతుంది.

ఈ వంతెన కోసం జనం ఎందుకు అంతగా పట్టుబట్టారో కూడా తెలుసుకోవాలి. 2007 జనవరిలో మంచాలకట్ట, నెహ్రూనగర్ మధ్య నది దాటుతున్న మరబోటు మునిగి 61 మంది చనిపోయారు. అందుకని ఒక మనవి. సోమశిలలో పడవ ఎక్కేటప్పుడు లైఫ్ జాకెట్ అడిగి తీసుకోండి. అది లేకపోయినా, జనం ఎక్కువైనా, గాలి లేచినా ఎక్కకండి. గుడి వచ్చే వేసవిలోనూ పైకొస్తుంది.