నిరవధిక వాయిదా

పార్లమెంటు వార్తలు రాసేవారికి వాయిదా అనే మాట నిత్యపరిచితం. అయితే వాయిదాలన్నీ ఒకటి కావు. సభను మధ్యాహ్నం 12 గంటల వరకు వాయిదా వేస్తున్నట్లు స్పీకర్ ప్రకటించారంటే, ఎంత గందరగోళం చెలరేగినా సరే, 12 గంటలకు సభ్యులు తిరిగి సమావేశం కావలసిందే. మళ్లీ ఎప్పుడు కలుసుకునేదీ చెప్పకుండా సభను ముగిస్తే అది నిరవధిక వాయిదా. మొదటిది పనిని కాసేపు పక్కన పెట్టడం. రెండవది పని కట్టిపెట్టి ఇళ్లకు పోవడం. ఈ తేడా చట్టసభలకే గాక పాత కంప్యూటర్లకు కూడా వర్తిస్తుందని 2025 డిసెంబరు చివరి వారంలో జంషెడ్‌పూర్ వెళ్లినప్పుడు నాకు బోధపడింది.

శీతాకాల సమావేశాలు ముగిసిన పిమ్మట, జబ్బుచేసి కోలుకుంటున్న అక్కయ్యను చూడడానికి వెళ్లాను. జంషెడ్‌పూర్ మనవారికి పరాయి ఊరు కాదు. 1907లో టాటా ఇనుము ఉక్కు కంపెనీ ఏర్పడి, 1912లో తొలి ఉక్కు పోతపోసిన తరువాత ఆ కార్ఖానా అన్నం పెట్టిన వారిలో శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల తెలుగువారు తక్కువేమీ కాదు. సాక్చి గ్రామం 1919లో జంషెడ్‌పూర్ అయింది; కాలిమాటి స్టేషను టాటానగర్ అయింది. బిష్టుపూర్‌లో తెలుగువారు కట్టుకున్న రామమందిరమున్నది. కదమా వీధుల్లో నేటికీ ఉత్తరాంధ్ర యాస చెవిన పడుతూనే ఉంటుంది.

మా బావగారు ఆ కార్ఖానాలో బ్లాస్ట్ ఫర్నేస్ విభాగంలో పనిచేసి రిటైరయ్యారు. ఇప్పుడు తమ పేటలోని ఒక చిన్న తెలుగు సంఘానికి లెక్కలు చూస్తున్నారు. చందాల పద్దులు, పేద వృద్ధులకిచ్చే నెలవారీ సహాయం, వారి ఆధార్ నకళ్లు, బ్యాంకు ఖాతా నెంబర్లు, అన్నీ ఆయన ఇంటి ముందుగదిలోని పాత కంప్యూటర్‌లోనే ఉన్నవి. దానిమీద అక్కయ్య అల్లిన గుడ్డ కప్పి ఉంటుంది.

“ఏమోయ్, ఇంగ్లీషు చదివినవాడివి గదా, ఇదేమంటున్నదో చూడు. రెండు నెలలుగా ఇదే పాట” అన్నారాయన. చూశాను. ఆ యంత్రాన్ని నడిపే విండోస్ 10కు తయారీదారు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసిందన్న నోటీసు అది. ఇంకొంచెం లోపలికి వెళ్లి చూస్తే అసలు సంగతి బయటపడింది. మద్దతు ఉన్న రోజుల్లో వచ్చిన భద్రతా సవరణలను కూడా ఆ యంత్రం మూడేళ్లుగా తీసుకోలేదు. తెలిసిన కుర్రవాడొకడు అప్‌డేట్లు రాకుండా ఆ ఏర్పాటునే ఆపివేసి వెళ్లాడట.

“ఎందుకు ఆపించారు బావగారూ?” అని అడిగాను.

“శ్రీరామనవమి ముందురోజు ప్రింటర్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ అని ఏదో వచ్చింది. అంతే, ప్రింటర్ మూగబోయింది. పండగ రోజు పొద్దున్నించి రాత్రి దాకా చందా రసీదులన్నీ చేత్తో రాశాను. నడిచే బండికి అడ్డుపుల్ల ఎందుకు? తరువాత చూద్దాంలే అన్నాను.”

తరువాత అంటే ఎప్పుడు? దానికి ఆయన దగ్గర సమాధానం లేదు.

బావగారి భయాన్ని తీసిపారేయడానికి వీల్లేదు. 2018 జనవరిలో ప్రాసెసర్లలో బయటపడిన మెల్ట్‌డౌన్, స్పెక్టర్ లోపాలకు హడావుడిగా వచ్చిన విండోస్ సవరణ, పాత ఏఎండీ ప్రాసెసర్లున్న కొన్ని కంప్యూటర్లను అసలు తెరుచుకోకుండా చేసింది. మైక్రోసాఫ్ట్ ఆ యంత్రాలకు సవరణ పంపడాన్ని కొన్నాళ్లు ఆపవలసి వచ్చింది. 2024 జూలై 19 సంగతి పాఠకులు మరచి ఉండరు. క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ పంపిన ఒక్క తప్పుడు అప్‌డేట్ వల్ల, మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం 85 లక్షల కంప్యూటర్లు కూలబడ్డాయి. మన విమానాశ్రయాలలో బోర్డింగ్ పాసులు చేతితో రాసి ఇచ్చారు. 2017 జూన్‌లో ఉక్రెయిన్‌లో మొదలై ముంబయి రేవులోని ఒక టెర్మినల్ దాకా పాకిన నాట్‌పెట్యా ఉపద్రవమైతే, ఒక పన్నుల సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ రూపంలోనే ఇళ్లలో జొరబడింది. కనుక వచ్చిన మందునల్లా వచ్చిన క్షణమే మింగేయాలనేవారి మాట పూర్తి సత్యం కాదు.

కాని రెండవ పక్షం కూడా వినాలి. 2017 మార్చి 14న మైక్రోసాఫ్ట్ విండోస్‌లోని ఒక లోపానికి సవరణ విడుదల చేసింది. ఏప్రిల్ 14న, అమెరికా జాతీయ భద్రతా సంస్థ గుట్టుగా దాచుకున్న ఆయుధం ఒకటి దొంగల చేతికి చిక్కి బహిరంగమైంది. అది ఆ లోపం మీద ప్రయోగించేదే. మే 12న వానాక్రై దాడి ప్రపంచాన్ని చుట్టుముట్టింది. సవరణకు, దాడికి మధ్య 59 రోజుల వ్యవధి ఉన్నది. ఆ వ్యవధిలో మేలుకొన్నవారు బయటపడ్డారు. తరువాత చూద్దామన్నవారు దొరికిపోయారు.

దొరికిపోయిన వారిలో మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కూడా ఉన్నది. చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్నం, శ్రీకాకుళం జిల్లాలలో 18 పోలీసు యూనిట్ల కంప్యూటర్లు ఆ దాడికి గురైనట్లు అప్పట్లో వార్తలు వచ్చాయి. జంషెడ్‌పూర్‌కు తూర్పున పశ్చిమ మేదినీపూర్ జిల్లాలోని కొన్ని విద్యుత్ కార్యాలయాలలోనూ పని స్తంభించింది. బ్రిటన్‌లో జాతీయ ఆరోగ్య సేవ నడిపే 236 ట్రస్టులలో సుమారు మూడోవంతు అస్తవ్యస్తమైనవి. అదే సంవత్సరం అక్టోబరులో ఆ దేశపు నేషనల్ ఆడిట్ ఆఫీసు ఇచ్చిన నివేదిక చదవదగినది. సవరణ వేసుకోవలసిందిగా మార్చిలోను, ఏప్రిల్‌లోను హెచ్చరికలు వెళ్లాయనీ, ఇది సాధారణ జాగ్రత్తలతో నివారించగలిగిన దాడి అనీ అందులో ఉన్నది.

ఇక్కడ చాలామంది పొరబడే విషయమొకటున్నది. నిందంతా పాత విండోస్ ఎక్స్‌పీ మీదికి పోయింది. దానికి మద్దతు 2014 ఏప్రిల్ 8నే ముగిసిన మాట నిజమే. కాని కాస్పర్‌స్కీ సంస్థ లెక్క ప్రకారం వానాక్రై సోకిన యంత్రాలలో సుమారు 98 శాతం విండోస్ 7తో నడిచేవి. ఆనాటికి విండోస్ 7కు మద్దతు ఉన్నది. సవరణ కూడా సిద్ధంగా ఉన్నది. కొంప ముంచినది యంత్రం వయసు కాదు, చేతికి వచ్చిన సవరణను వేసుకోకపోవడం.

పైగా సవరణ విడుదల కావడమే ఒక విధంగా ప్రమాద ఘంటిక. గెజిట్‌లో ప్రకటన వెలువడితే న్యాయవాదులతో పాటు చట్టాన్ని తప్పించుకోదలచినవారు కూడా చదువుతారు గదా! అదే విధంగా ప్రతి సవరణను విప్పి చూసి, అది పూడ్చిన కంత ఎక్కడున్నదో కనిపెట్టే వారున్నారు. ఆనాటి నుంచి, వేసుకోని ప్రతి కంప్యూటరూ వారికి తలుపు తీసి పెట్టిన ఇల్లే.

ఇదంతా చెబితే బావగారు సావకాశంగా విన్నారు. “అయితే వెంటనే వేస్తే ఒక చిక్కు, వేయకపోతే మరొక చిక్కు. నన్ను ఏం చేయమంటావు?” అన్నారు.

నేను ఎదురు ప్రశ్న వేశాను. “ఫర్నేస్ లోపలి ఇటుకలు మార్చడానికి ఎప్పుడు ఆపాలో మీవాళ్లు ఎట్లా నిర్ణయించేవారు?”

ఆయన ముఖం వెలిగింది. నలభై ఏళ్ల ఉద్యోగం గొంతులోకి వచ్చింది. “ఆపితే ఉత్పత్తి నష్టమే. అయినా ఇటుక పలచబడ్డాక ఫర్నేసు మనల్నడిగి ఆగదోయ్. మనం ఆపకపోతే అదే ఆగుతుంది, ఆగినచోట మనుషులుంటారు. అందుకని షట్‌డౌన్ తేదీ ఎంతో ముందే ఖాయం చేసేవాళ్లం. సరుకు నిల్వ చేసుకునేవాళ్లం. ఎవరెక్కడ నిలబడాలో కాగితం మీద ఉండేది. మధ్యలో ఎక్కడైనా వేడి మచ్చ కనబడిందా, ఆ తేదీ దాకా ఆగేది లేదు.”

నేను చెప్పదలచిన నాలుగు సూత్రాలూ ఆయన మాటల్లోనే ఉన్నవి. మొదటిది, నిల్వ. సవరణకు ముందు పద్దులన్నిటి నకలు వేరొక డిస్కులో తీసి, ఆ డిస్కును కంప్యూటర్ నుంచి ఊడదీసి బీరువాలో పెట్టాలి. తగిలించి ఉంచిన నకలు దాడిలో అసలుతో పాటే పోతుంది. రెండవది, తేదీ. మైక్రోసాఫ్ట్ 2003 అక్టోబరు నుంచి ప్రతి నెలా రెండవ మంగళవారం సవరణలు విడుదల చేస్తున్నది. మనకు అది రాత్రి పొద్దుపోయిన వేళ. సామాన్య సవరణ అయితే, పాత యంత్రమున్నవారు కొద్ది రోజులు ఆగి, ఇతరులకేమైనా ఇబ్బంది కలిగిందేమో చూసి, వచ్చే ఆదివారమో, ఆపై ఆదివారమో వేసుకోవడంలో తప్పు లేదు. నెలాఖరు లెక్కల నాడు, పండుగ ముందురోజు వేయరాదు. విండోస్ 10లోనే అప్‌డేట్లను ఆపి ఉంచే వీలు 35 రోజుల వరకే ఉన్నది. గడువులేని వాయిదా ఆ యంత్రం నియమాలలోనే లేదు. అది మనం కల్పించుకున్నదే.

మూడవది, వేడి మచ్చ. లోపాన్ని దుండగులు అప్పటికే వాడుకుంటున్నారని తయారీదారు గాని, మన దేశపు సెర్ట్-ఇన్ గాని హెచ్చరిస్తే ఆదివారం దాకా ఆగరాదు. నకలు తీసి ఆ పూటే వేయాలి. అమెరికా సైబర్ భద్రతా సంస్థ 2021 నవంబరు నుంచి ఇట్టి లోపాల పట్టిక ఒకటి ప్రచురిస్తున్నది. అందులో ప్రతి లోపానికి ఎదురుగా, ప్రభుత్వ శాఖలు ఏ తేదీలోగా సరిచేయాలో రాసి ఉంటుంది. మన ప్రభుత్వ కార్యాలయాలకు కూడా అటువంటి తేదీల పట్టిక ఒకటి ఎందుకుండకూడదో మన సభ్యులెవరైనా ప్రశ్నోత్తరాల సమయంలో అడగవచ్చు.

నాలుగవది, ఇటుక ఇక దొరకని స్థితి. మద్దతు ముగిసిన యంత్రానికి ఎప్పుడు అప్‌డేట్ చేయాలన్న ప్రశ్నే ఉండదు. ఇంటర్నెట్‌కు ఎప్పుడు దూరం చేయాలన్నదే ప్రశ్న. సుమారు 2018కి ముందటి ప్రాసెసర్లు చాలావాటిని విండోస్ 11 అంగీకరించదు. వ్యక్తిగత వినియోగదారులలో నమోదు చేసుకున్నవారికి విండోస్ 10 భద్రతా సవరణలను 2026 అక్టోబర్ 13 వరకు పొడిగిస్తున్నట్లు మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. ఆ గడువు ముగిసేలోగా పాత యంత్రంలో లైనక్స్ వేసుకోవడమో, పద్దులను వేరొక యంత్రానికి మార్చడమో, నెట్ తీగ పీకేసి టైపు మిషన్ వలె వాడుకోవడమో చేయాలి.

ఇంత శ్రద్ధ ఒక చిన్న సంఘానికి అవసరమా అని ఎవరైనా అడగవచ్చు. 2023 ఆగస్టులో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ బిల్లు మణిపూర్‌పై గందరగోళం మధ్య, మూజువాణి ఓటుతో ఉభయసభలు దాటిపోయింది. ఆ చట్టానికి లోపాలున్నవి. ప్రభుత్వానికి ఇచ్చిన మినహాయింపుల మీద వచ్చిన విమర్శలు సమంజసమైనవే. అయితే ఒకరి సమాచారం చేతబట్టుకున్నవారు దాన్ని కాపాడే తగు జాగ్రత్తలు తీసుకోవాలన్న సూత్రంలో మాత్రం తప్పు పట్టవలసినది లేదు. బావగారి కంప్యూటర్‌లో ఉన్నవి ఆయన సొంత రహస్యాలు కావు. నెలకు కొద్దిపాటి సహాయం కోసం ఆధార్ కాగితం, పాసుపుస్తకం నకలు నమ్మి అప్పగించిన ముసలివారి ఖాతాలవి. “తరువాత చూద్దాంలే” అన్నది ఆయన. ఆ తరువాత ఏదైనా జరిగితే నష్టపోయేది వారు.

ఈ మాట అన్న తరువాత ఆయన కాసేపు మాట్లాడలేదు. ఆ సాయంత్రమే బజారుకు వెళ్లి డిస్కొకటి కొనుక్కువచ్చారు. రాత్రి భోజనాలయ్యాక నకలు తీశాము. అక్టోబరు దాకా వచ్చిన సవరణలను రెండు నెలలుగా లోకమంతా వేసుకుని చూసింది గనుక ఇక పరీక్షకు ఆగే పని లేదు. ఆపివేసిన ఏర్పాటును మళ్లీ తెరిచాము. పాత డిస్కు మూలుగుతూ పనిచేసింది, అర్ధరాత్రి దాటింది. టాటావారి కరెంటు పోదులే అని ఆయన ధీమా. పూర్తి కాగానే ఆయన మొదట పరీక్షించినది ప్రింటరునే. పాత రసీదు ఒకటి చక్కగా అచ్చయింది. గడువు పొడిగింపుకు కూడా నమోదు చేయించాము.

మర్నాడు నేను బయలుదేరే వేళకు గోడమీది కొత్త తెలుగు క్యాలెండర్‌లో జనవరి 18, ఆదివారం చుట్టూ ఎర్ర సిరాతో సున్నా చుట్టి ఉన్నది. రెండవ మంగళవారం, సంక్రాంతి రెండూ వెళ్లిన తరువాతి ఆదివారం అది. పేజీలు తిప్పి చూస్తే అక్టోబర్ 13 దగ్గర మరొక సున్నా, దాని కింద ఆయన దస్తూరీలో ఒకే మాట: షట్‌డౌన్.