ఏజెన్సీ బడి, కోయభాష, విశ్వవిద్యాలయం: జీవో 3 రద్దు తరువాతి కర్తవ్యం

వ్యాససంగ్రహం:
షెడ్యూల్డ్ ప్రాంతాల పాఠశాలల్లోని ఉపాధ్యాయ పోస్టులన్నింటినీ స్థానిక గిరిజనులకే కేటాయించిన జీవో 3ను సుప్రీంకోర్టు 2020లో కొట్టివేసింది. సామాజిక వైవిధ్యం కోసం చేసిన ఒక ఏర్పాటు చట్టపరీక్షలో నిలవనప్పుడు ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు మౌనం వహించాలా, ప్రతిఘటించాలా అన్నది ఇక్కడి ప్రశ్న. భద్రాచలం అటవీ సరిహద్దును ఆధారంగా చేసుకుని ఈ ప్రశ్నను పరిశీలించడం, తీర్పుకు లోబడి ఉంటూనే విశ్వవిద్యాలయాలు చేయగల పనిని నిరూపించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలకపదాలు: జీవో 3, ఐదవ షెడ్యూలు, కోయభాష, భద్రాచలం, రిజర్వేషన్లు, ఉపాధ్యాయ విద్య.

1. ఉపోద్ఘాతం

కోయవారి ఇంట 'ఏరు' అంటే నీరు. బడిలో తెలుగు వాచకం తెరిస్తే 'ఏరు' అంటే వాగు. ఒకే మాట ఇంట్లో ఒక అర్థంతోనూ, బడిలో మరొక అర్థంతోనూ ఎదురైనప్పుడు ఆరేళ్ల పిల్లవాడు తప్పు చెప్పాడా, తన భాషలో సరిగానే చెప్పాడా అన్నది పాఠం చెప్పేవారికి తెలియాలి. కోయ తెలుగుకు మాండలికం కాదు. గోండి భాషకు సన్నిహితమైన ద్రావిడభాష. ఈ తేడా తెలియని ఉపాధ్యాయుని దృష్టిలో పిల్లవాని భాషాజ్ఞానం అజ్ఞానంగా కనిపిస్తుంది. జీవో 3 వివాదం న్యాయస్థానాల్లో ఉద్యోగాల లెక్కగా సాగింది. దాని అడుగున ఉన్నది మాత్రం ఈ తరగతి గది సమస్యే.

2. భద్రాచలం సరిహద్దు

భద్రాచలం ప్రాంతం పలు పాలనల కింద నలిగింది. గోదావరికి ఒక ఒడ్డున నిజాం రాజ్యం, మరో ఒడ్డున మద్రాసు ప్రెసిడెన్సీలోని తూర్పు గోదావరి ఏజెన్సీ ఉండేవి. 1953లో ఏర్పడిన ఖమ్మం జిల్లాలో భద్రాచలం తాలూకా 1959లో కలిసింది. రాష్ట్ర విభజన సందర్భంలో, 2014లో, పోలవరం ప్రాజెక్టు కారణంగా చింతూరు, కూనవరం, వరరామచంద్రాపురం మొదలైన మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి. భద్రాచలం పట్టణం తెలంగాణలో మిగిలింది. ఒకే భాష మాట్లాడే బంధువర్గం రెండు రాష్ట్రాలకు చెందింది. అందువల్ల జీవో 3 భవితవ్యం నదికి ఇరువైపులా ఒకే ప్రశ్నగా నిలిచింది.

3. జీవో 3 పూర్వాపరాలు

ఏజెన్సీ బడులకు నియమితులైన మైదాన ప్రాంత ఉపాధ్యాయులు విధులకు సక్రమంగా రాకపోవడం, బదిలీల కోసం ఎదురుచూడడం దీర్ఘకాలంగా ఉన్న ఫిర్యాదు. దీనికి పరిష్కారంగా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1986 నవంబరు 5న జీవో 275ను జారీ చేసి, ఉపాధ్యాయ పోస్టులను స్థానిక గిరిజనులకు కేటాయించింది. పరిపాలనా ట్రిబ్యునల్ 1989లో దానిని కొట్టివేసింది. సుప్రీంకోర్టులో వేసిన అప్పీలును ప్రభుత్వం 1998లో ఉపసంహరించుకుని, 2000 జనవరి 10న జీవో 3ను తెచ్చింది. నూరు శాతం కేటాయింపులో మూడోవంతు మహిళలకు ఉద్దేశించింది. అభ్యర్థి గానీ, తల్లిదండ్రులు గానీ 1950 జనవరి 26 నుండి షెడ్యూల్డ్ ప్రాంతంలో నిరంతరంగా నివసిస్తూ ఉండాలన్నది 'స్థానికత'కు నిర్వచనం. ట్రిబ్యునల్ దీనినీ తోసిపుచ్చగా, 2001లో హైకోర్టు ఇద్దరు న్యాయమూర్తుల ఆధిక్యంతో సమర్థించింది. చివరకు 2020 ఏప్రిల్ 22న చేబ్రోలు లీలాప్రసాదరావు కేసులో అయిదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం జీవో 3ను రద్దు చేసింది. అప్పటికే జరిగిన నియామకాలను షరతులతో కాపాడింది. రెండు రాష్ట్రాలు కలిసి అయిదు లక్షల రూపాయల ఖర్చులు చెల్లించాలని ఆదేశించింది.

4. తీర్పులోని తర్కం

తీర్పుకు ఆధారాలు ప్రధానంగా మూడు. మొదటిది, ఐదవ షెడ్యూలు కింద గవర్నరుకు గల అధికారం చట్టాలను షెడ్యూల్డ్ ప్రాంతాలకు వర్తింపజేయడంలో మార్పులు చేయడానికి పరిమితమే గాని, ప్రాథమిక హక్కులను దాటిపోయేది కాదు. రెండవది, 1992 నాటి ఇంద్రా సాహ్నీ తీర్పు యాభై శాతం పరిమితికి అసాధారణ పరిస్థితుల్లో మినహాయింపును అంగీకరించినా, నూరు శాతానికి తగిన కారణాన్ని ప్రభుత్వం చూపలేకపోయింది. మూడవది, 1950 నాటి నివాస నిబంధన గిరిజనేతరులనే కాక, తరువాత స్థిరపడిన గిరిజనులను సైతం వెలివేస్తున్నది.

ఈ మూడవ అంశాన్ని తేలికగా తీసుకోరాదు. ఏజెన్సీలో తరతరాలుగా ఉన్న దళిత, వెనుకబడిన కులాల కుటుంబాల పిల్లలకు సొంత ఊరి బడిలో ఉద్యోగానికి దరఖాస్తు చేసే అవకాశమే లేకుండా పోవడం వాస్తవమైన అన్యాయం. మరోవైపు, గిరిజనులకు గిరిజనులే బోధించాలన్న భావనను ధర్మాసనం తీవ్రపదాలతో నిరసించింది. అయితే బోధకుని పుట్టుక వేరు, బోధకునికి తెలిసిన భాష వేరు. కోయ పిల్లలకు కోయవారే చెప్పాలన్న వాదాన్ని తిరస్కరించినంత మాత్రాన, కోయ పిల్లలకు కోయ తెలిసినవారు చెప్పాలన్న వాదం వీగిపోదు. జీవో 3 ఈ రెండింటినీ ఒకటిగా భావించింది. గిరిజన ధ్రువపత్రం ఉన్న లంబాడా ఉపాధ్యాయునికి కోయభాష రావాలని నియమం లేదు. ఆ లోపాన్ని జీవో ఎన్నడూ పట్టించుకోలేదు.

5. ప్రతిఘటన: మూడు పూర్వోదాహరణలు

కళాశాల సీట్లను సామాజిక వర్గాల వారీగా పంచిన మద్రాసు కమ్యూనల్ జీవోను చంపకం దొరైరాజన్ కేసులో సుప్రీంకోర్టు 1951 ఏప్రిల్ 9న కొట్టివేసింది. భద్రాచలం నాడు మద్రాసు రాష్ట్రంలోనే ఉంది. రద్దయిన జీవోకు మారుపేరు పెట్టి మళ్లీ జారీ చేయడం కాక, అదే ఏడాది మొదటి రాజ్యాంగ సవరణ ద్వారా 15(4) అధికరణం చేర్చడం నాటి సమాధానం. 1986, 2000 జీవోల చరిత్రతో పోల్చితే ఈ మార్గం విలువ తెలుస్తుంది.

రెండవ ఉదాహరణ విశ్వవిద్యాలయాలకే చెందినది. అధ్యాపక రిజర్వేషన్లను మొత్తం విశ్వవిద్యాలయం యూనిట్‌గా కాక శాఖల వారీగా లెక్కించాలని అలహాబాదు హైకోర్టు 2017లో తీర్పునిచ్చింది. దానిననుసరించి యూజీసీ 2018 మార్చిలో ఆదేశాలిచ్చింది. కేంద్ర సంస్థల్లో షెడ్యూల్డ్ తెగల వాటా 7.5 శాతం. రోస్టరులో ఆ వాటాకు మొదటి స్థానం పద్నాలుగవది. భాషాశాఖలు చిన్నవి. పదముగ్గురికి మించి అధ్యాపకులు లేని శాఖలో ఆ స్థానం రానేరాదు. అంకగణితమే నిషేధంగా పనిచేసింది. అధ్యాపకులు, విద్యార్థులు ఈ లెక్కను ప్రజల ముందుంచి ఆందోళన చేశారు. 2019లో పార్లమెంటు చట్టం చేసి, సంస్థ మొత్తాన్ని యూనిట్‌గా పునరుద్ధరించింది.

మూడవది కాలిఫోర్నియా అనుభవం. 1996 నాటి 209వ ప్రతిపాదన అక్కడి ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో జాతి ప్రాతిపదికన ప్రాధాన్యాన్ని నిషేధించింది. విశ్వవిద్యాలయం చట్టాన్ని అతిక్రమించలేదు. ప్రతి ఉన్నత పాఠశాలలో అగ్రశ్రేణి విద్యార్థులకు అర్హత కల్పించింది, వెనుకబడిన బడులతో కలిసి పనిచేసింది. అర్ధ బిలియన్ డాలర్లకు పైగా వెచ్చించినా ఆశించిన వైవిధ్యం సమకూరలేదని 2022లో అమెరికా సుప్రీంకోర్టుకు నివేదించింది. 2024 నుండి టెక్సస్ ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో వైవిధ్య కార్యాలయాలనే చట్టం మూసివేయించింది. నిషేధాన్ని పాటిస్తూనే దాని ఫలితాన్ని నమోదు చేసి బహిరంగంగా చెప్పడం కాలిఫోర్నియా నేర్పే పాఠం.

6. విశ్వవిద్యాలయాల కర్తవ్యం

ఈ ఉదాహరణల వెలుగులో విశ్వవిద్యాలయాల ప్రతిఘటనకు స్పష్టమైన రూపం ఏర్పడుతుంది. అది ధిక్కారం కాదు. ప్రజాధనంతో నడిచే సంస్థ న్యాయస్థానాన్ని ధిక్కరిస్తే, రేపు రిజర్వేషన్లను అమలు చేయబోనని మరొక సంస్థ అదే దారి తొక్కవచ్చు. అయితే తీర్పు నిషేధించినది నూరు శాతం కేటాయింపును మాత్రమే. సాధారణ రిజర్వేషన్లను కాదు. తెలంగాణ 2022లో షెడ్యూల్డ్ తెగల వాటాను ఆరు నుండి పది శాతానికి పెంచింది. మాతృభాషలో ప్రాథమిక బోధనకు వసతులు కల్పించాలన్న 350ఎ అధికరణం 1956 నుండి రాజ్యాంగంలో ఉంది.

కాబట్టి కోయభాషా సామర్థ్యాన్ని ఉపాధ్యాయ అర్హతల్లో ఒకటిగా చేర్చమని కోరడానికి రాజ్యాంగ ఆధారం ఉంది. కులంతో, తెగతో, 1950 నాటి నివాసంతో నిమిత్తం లేకుండా ఎవరైనా సాధించగల అర్హత ఇది. దీనిపై ఒక ఆక్షేపణ న్యాయమైనది: భాషాపరీక్ష రద్దయిన కేటాయింపుకు ముసుగు కాదా? పరీక్ష నిజంగా బోధనకు అవసరమైనదై, దానికి శిక్షణ అందరికీ అందుబాటులో ఉన్నప్పుడే ఈ ఆక్షేపణ తొలగుతుంది. ఆ శిక్షణనివ్వగలవి విశ్వవిద్యాలయాలే. ఖమ్మం ప్రాంత కళాశాలలకు అనుబంధ సంస్థ అయిన కాకతీయ విశ్వవిద్యాలయం, 2023 చట్టంతో ములుగుకు మంజూరైన సమ్మక్క సారక్క కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం ఈ పనికి భౌగోళికంగా సమీపంలో ఉన్నాయి.

విద్యాపరమైన పునాది కూడా శూన్యం కాదు. గొమ్ము కోయ మాండలికానికి స్టీఫెన్ టైలర్ రచించిన వ్యాకరణం 1969లో వెలువడింది. అదే ఏడాది భద్రిరాజు కృష్ణమూర్తి కొండ భాషపై గ్రంథాన్ని ప్రకటించారు. అరణ్యభాషల అధ్యయనం తెలుగు పండితులకు పరాయి విషయం కాదని ఇది చాటుతుంది. బీఈడీలో కోయ-తెలుగు తులనాత్మక బోధనను పాఠ్యాంశంగా పెట్టడం, కోయ మాట్లాడే వృద్ధులను భాషానిపుణులుగా గౌరవ వేతనంతో ఆహ్వానించడం, ఏజెన్సీ బడుల్లో ఉపాధ్యాయ హాజరును, పిల్లల అభ్యసనాన్ని ఏటేటా నమోదు చేయడం తొలి మెట్లు. 2020లో ధర్మాసనం ముందు లేనిది సరిగ్గా ఈ చివరి రకపు ఆధారమే.

7. ముగింపు

జీవో 3 ముప్పయ్యేళ్లకు పైబడిన ఒక ప్రయత్నానికి చివరి రూపం. దాని ఉద్దేశం సమంజసమైనది, నిర్మాణం లోపభూయిష్ఠమైనది. రద్దు తరువాత విశ్వవిద్యాలయాలు మౌనంగా ఉంటే లోపంతో పాటు ఉద్దేశమూ మరుగున పడుతుంది. తీర్పును గౌరవిస్తూ, భాషను అర్హతగా నిలిపి, ఆధారాలను కూడబెట్టి, అవసరమైతే శాసనసభను, పార్లమెంటును ఒప్పించడం వాటికి అందుబాటులో ఉన్న ప్రతిఘటన. 'ఏరు' అన్న పిల్లవాని మాటను తప్పుగా దిద్దకుండా, ఆ మాట మీదుగా 'నీరు' నేర్పగల ఉపాధ్యాయుడు ఏ కులం వాడైనా, ఏ తెగ వాడైనా, ఆ ఉపాధ్యాయుని తయారుచేయవలసిన బాధ్యత విశ్వవిద్యాలయానిదే.