ఋతువుకు తగిన వీణపాట

వీణ నేర్చుకుంటున్నవారు తరచు అడిగే ప్రశ్న ఒకటుంది. ఏ కాలంలో ఏ పాట వాయించాలి?

హిందుస్తానీ సంగీతంలో దీనికి సూటిగా జవాబు దొరుకుతుంది. వానలకు మల్హార్ రాగాలు, వసంతానికి బసంత్, బహార్ ఉన్నాయి. మన కర్ణాటక సంగీతంలో అంత కట్టుబాటు లేదు. వసంత రాగానికి ఋతువు పేరున్నా దాన్ని సాయంకాలపు రాగంగానే ఎంచుతారు, ఏడాది పొడుగునా వాయిస్తారు. మన పాటకు ఋతువును తెచ్చేది ముఖ్యంగా పండుగ.

చైత్రంలో శ్రీరామనవమి వస్తుంది. అప్పటికి త్యాగరాజస్వామి వసంత రాగంలో రచించిన ‘సీతమ్మ మాయమ్మ’ చక్కగా అమరుతుంది. వానాకాలానికి అమృతవర్షిణి రాగం ఉంది. ముత్తుస్వామి దీక్షితులు ఎట్టయపురం ప్రాంతంలో ఈ రాగం పాడగా వాన కురిసిందని చెప్పుకుంటారు. కథ మాట ఎలా ఉన్నా, దీక్షితులు స్వయంగా వైణికులు. ఈ రాగంలో రిషభ, ధైవతాలు లేవు. షడ్జం నుంచి గాంధారానికి ఒక్కసారిగా నాలుగు మెట్లు దాటాలి. ఎడమచేతికి ఇది మంచి సాధన. శరన్నవరాత్రులకు స్వాతి తిరునాళ్ కృతులు తొమ్మిది, రోజుకొకటి చొప్పున ఉన్నాయి. పుష్య బహుళ పంచమికి తిరువయ్యారులో త్యాగరాజ ఆరాధన. ఆనాటికి పంచరత్నాలు. వాటిలో మొదటిది సంస్కృతం, తక్కిన నాలుగూ తెలుగే.

ఋతువు వాద్యాన్నీ తాకుతుంది. వీణకున్న 24 మెట్లు మైనం మీద కూర్చుంటాయి. ఎండకు మైనం మెత్తబడితే మెట్లు కదిలి స్వరం తప్పుతుంది. కనుక వేసవిలో వీణను ఎండపడే కిటికీ దగ్గర ఉంచకండి. వానాకాలపు తేమకు ఉక్కు తీగలు తుప్పుపడతాయి. వాయించడం కాగానే పొడిగుడ్డతో తుడవండి. అపస్వరం వినిపిస్తే ముందు పాత తీగ మార్చి చూడండి. అప్పటికీ కుదరకపోతే మేళం కట్టే పనివారికి చూపించండి.

ఇక అసలు విషయం. వైణికులు సాహిత్యంలో అక్షరం పడే చోట మీటు వేస్తారు. మాట తెలియకపోతే మీటు దారి తప్పుతుంది. తమిళనాడులో తరతరాలుగా స్థిరపడిన మన ఇళ్ళలో చాలామంది పిల్లలు కృతులను తమిళ లిపిలో రాసుకుంటారు. అందులో త, ద లకు ఒకటే అక్షరం. ‘తాత’ అని రాసినా ‘దాత’ అని రాసినా ఒకలాగే కనిపిస్తుంది. కన్నడ లిపిలో ఈ చిక్కు లేదు. కానీ బళ్ళో తెలుగు చదవని పిల్లలకు అక్కడ కూడా కొన్ని మాటల అర్థం అందదు.

అందుచేత తల్లిదండ్రులకు, తాతలకు, అమ్మమ్మలకు ఒక మనవి. పండుగకు నెల ముందే ఒక్క కృతి ఎంచుకోండి. మొదటి వారం వీణ ముట్టకుండా సాహిత్యం చదివించి, ఒక్కో మాటకు అర్థం చెప్పండి. రెండో వారం పాడించండి. ఆ తరువాతే మీటించండి. ఏడాదికి నాలుగు పండుగలకు నాలుగు కృతులు వచ్చినా చాలు. పిల్లల చేతికి పాటతోపాటు నాలుగు తెలుగు మాటలు కూడా వస్తాయి. ఈ రానున్న పండుగతోనే మొదలుపెట్టండి.